ఎండబెట్టిన అరవై మూడు రికార్డులు

ప్రభువునందు ప్రియమైన అన్నయ్యకు,

చెల్లెలు మణి వందనాలు. ఇక్కడ నాకు ఒంట్లో బాగానే ఉంది, దగ్గు కూడా తగ్గింది. నీ షుగరు ఎలా ఉంది, మాత్రలు వేళకి వేసుకుంటున్నావా? కెజియాకి ఇంటర్ పరీక్షలు దగ్గరపడుతున్నాయి కదా, రాత్రిళ్ళు మేలుకోనివ్వకు, పొద్దున్నే లేపు. దేవమ్మ పెద్దమ్మ మోకాళ్ళు, పక్కింటివాళ్ళ గేదె ఈనిందో లేదో, అన్నీ రాయి. నువ్వు రాయవని తెలుసు, అయినా అడుగుతున్నాను.

వారం వారం ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాం, మళ్ళీ ఈ ఉత్తరమేంటి అనుకుంటావు. ఫోనులో నీ గొంతు వింటే నాకు నోరు పెగలడం లేదు. రెండుసార్లు మొదలుపెట్టి, గేదె సంగతి అడిగి పెట్టేశాను. అందుకే ఈ కాగితాలు పార్సిల్లో పంపే రికార్డు అట్టలోనే పెడుతున్నాను. రికార్డు చేతికొస్తే నువ్వు ముందు అట్టలోపలికే చూస్తావని నాకు తెలుసు. ఇది మొత్తం చదివాకే రికార్డు సంగతి చూడు.

ఇక్కడ పని ఎప్పటిలాగే ఉంది. ముసలివాళ్ళ హోములో పన్నెండు గంటల డ్యూటీ. పొద్దున్నే ఏడుగురిని లేపాలి, కడగాలి, బట్టలు వెయ్యాలి, తినిపించాలి. నడుము పట్టేస్తోంది గానీ కంగారుపడకు, బాగానే ఉన్నాను. వాన మాత్రం విసిగిస్తోంది. మన వానయితే కుండపోతగా కురిసి ఊరుకుంటుంది, దీనికి ఊరుకోవడం తెలియదు. మార్చి వచ్చినా సూర్యుడు మొహం చూపించలేదు. బట్టలు ఇంట్లోనే వేడి గొట్టాల మీద ఆరేసుకుంటాం, ఆరినా ముక్కిపోయిన వాసన పోదు. ఒక ఆదివారం నాలుగు ఎండు రొయ్యలు వేయించుకుందామని పొయ్యి వెలిగిస్తే ఇల్లంతా అలారం మోగింది. కింద గదిలో ఆయన నిక్కరుతోనే వీధిలోకి పరిగెత్తాడు. అప్పటి నుంచి పప్పూ గుడ్డే. నెలకోసారి నాలుగు తెలుగు కుటుంబాలు కూడుకుని ప్రార్థన చేసుకుంటాం. మిగతా ఆదివారాలు ఎవరితోనూ తెలుగు మాట్లాడకుండానే గడిచిపోతాయి. అయినా బాగానే ఉన్నాను.

హోములో సాయంత్రం నాలుగింటికి పాత పాటలు పెడతారు. ఎక్కువగా నీకు పిచ్చి పట్టించిన ఆ ఇంగ్లీషు బ్యాండు నలుగురివే. కన్నకొడుకుని చూసి నువ్వెవరని అడిగేవాళ్ళు కూడా ఆ పాట రాగానే చివరిదాకా మాట తప్పకుండా పాడతారు. వాళ్ళకి టీ అందిస్తూ నేనూ పాడతాను. అందరూ ఆశ్చర్యపోతారు, ఇండియా నుంచి వచ్చిన పిల్లకి ఇవెలా తెలుసని. కానీ ఒక పాటలో రెండో చరణం అయ్యేసరికి నేను ఆగిపోతాను, వాళ్ళు ఇంకా పాడుతూనే ఉంటారు. తాతయ్య రికార్డులో ఆ పాట అక్కడికే కోసేశారు కదా. మూడో చరణం ఉందని నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది.

బందరులో దొరసానమ్మగారి బంగళాలో వంట చేసినన్నాళ్ళకీ తాతయ్యకి మిగిలింది ఆ రికార్డూ ఆ ప్లేయరే. నీలం అట్ట, దాని మీద సముద్రంలోకి కట్టిన చెక్క వంతెన, నలుగురిలో ఒక్కరి ఫోటో కూడా లేదు. అక్కడ పట్టుకుంది నీకు ఈ పిచ్చి. ఆ బ్యాండువాళ్ళ అసలు రికార్డులు ఎవరైనా కొంటారని చెప్పి, నువ్వు కంపైలేషన్లే వెతికేవాడివి. ఎక్కడెక్కడి పాటలో ఏరి, పాడినవాళ్ళకి కూడా చెప్పకుండా ఏదో దేశంలో ఎవరో అచ్చేసినవి. పెట్రోలు పోయించుకుంటే ఊరికే ఇచ్చినదొకటి, సబ్బుల కంపెనీ వాళ్ళు పంచినదొకటి. మద్రాసు పేవ్‌మెంట్ల మీద, ఓడ దిగిన సీమన్ల దగ్గర, ముప్పై ఏళ్ళు ఏరి అరవై మూడు చేశావు. ప్లేయరు ముల్లు అరిగితే చల్లపల్లిలో నువ్వు పాఠాలు చెప్పే బడి వదలగానే గుడివాడ బస్సెక్కి రేడియోలు బాగుచేసే మావయ్య దగ్గరికి వెళ్ళేవాడివి. ఏ దేశంలో ఏ వరసలో వేశారు, ఎన్ని సెకన్లు కోశారు, అంతా లాంగ్ నోటుబుక్కులో రాసేవాడివి. వదిన నవ్వేది. పాటలు అవే కదండీ, గిన్నె మారిస్తే కూర మారుతుందా అనేది. అంటూనే ప్రతి శనివారం మెత్తని గుడ్డతో వాటిని తుడిచేది.

ఇక చెప్పాల్సింది చెప్తాను.

వరద మన ఇంట్లో నడుములోతు వచ్చి రెండు రోజులు నిలిచింది కదా. నువ్వు చల్లపల్లిలో మీ బళ్ళోనే పెట్టిన పునరావాస కేంద్రంలో డ్యూటీలో ఉన్నావు. మూడో రోజు నీళ్ళు తీశాయి, ఎండ విరగకాసింది. కరకట్ట పొడుగునా జనం పరుపులు, బియ్యం, పాసుపుస్తకాలు, బైబిళ్ళు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ పరిచేశారు. బీరువా కింది అరలో నీ రికార్డులన్నీ బురదలో ఉన్నాయి. వదిన బియ్యం పంచే లైనులో నిలబడటానికి వెళ్ళింది. ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉన్నాను.

నేనే తీశాను అన్నయ్యా. ఒక్కొక్కటీ అట్టలోంచి తీసి, టాంకు నీళ్ళతో కడిగి, డాబా మీద టార్పాలిన్ వేసి అరవై మూడూ ఎండలో పరిచింది నేను. గాలికి లేస్తాయని ఒక్కోదాని మధ్యన గులకరాయి కూడా పెట్టాను. బాగా చేశాననుకున్నాను. ఊర్లో ఎవర్ని అడిగినా అదే చేసేవాళ్ళు. మన వైపు పుట్టినవాళ్ళకి నీరే శత్రువు, ఎండ చుట్టం. చేపైనా ధాన్యమైనా ఎండ తగిలితేనే మనకి దక్కినట్టు లెక్క. కిందికి దిగి బురద తోసుకుంటూ రెండింటిదాకా పైకి చూడనేలేదు. చూసేసరికి నూనెలో వేసిన అప్పడాల్లా లేచిపోయి ఉన్నాయి.

వదిన వచ్చి డాబా ఎక్కి చూసింది. నేను ఏడుస్తుంటే నా నోరు మూసి, కింద వంటింట్లోకి లాక్కుపోయింది.

"నువ్వు పది రోజుల్లో వెళ్ళిపోయేదానివి. మీ అన్నయ్య కోపం నీకు తెలుసుగా, మొహం చూడకుండా పంపించేస్తారు. నామీదైతే నాలుగు రోజులు అలుగుతారు, అంతే. నువ్వు నోరు విప్పావంటే నామీద ఒట్టే" అంది.

సాయంత్రం నువ్వొచ్చి బండి స్టాండు కూడా వెయ్యకముందే తను ఎదురెళ్ళి, "తడిసిపోయాయని నేనే ఎండలో పెట్టానండీ" అని చెప్పేసింది. నువ్వు పైకెళ్ళి చూశావు. కిందికొచ్చి ఒకే ఒక్క మాటన్నావు.

"నీళ్ళు వాటినేం చెయ్యవు. ఎండే చంపుతుంది."

ఆ మాట అనేటప్పుడు నేను వదిన వెనకే ఉన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చేతులు కొంగులో దాచుకున్నాను. నువ్వు నా వైపు చూడలేదు. ఆ రాత్రే నీ మంచం వసారాలోకి మార్చావు.

పది రోజులు గడిచాయి, నేను విమానం ఎక్కేశాను. నువ్వు నన్ను హైదరాబాదు దాకా వచ్చి దిగబెట్టి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశావు. అది వదినకి రావలసిన మర్యాద. దొంగిలించినట్టుగా తీసుకుపోయాను.

వదిన చెప్పిన నాలుగు రోజులు ఏడు నెలలయ్యాయి. కెజియా వడ్డిస్తేనే తింటున్నావని, వదినని పేరు పెట్టి పిలవడం మానేశావని నాకు తెలుస్తూనే ఉంది. ఫోనులో నేను చెప్పేస్తానంటే వదిన ఒప్పుకునేది కాదు. క్రిస్మస్‌కి కరిగిపోతారులే అంది. క్రిస్మస్ వెళ్ళాక కొత్త సంవత్సరం ఆరాధనకి అంది. జ్వరమొచ్చి బందరు ఆసుపత్రిలో పడ్డాక ఇంక ఏమీ అనలేదు. మందులకి పరిగెత్తావు, రక్తమిచ్చావు, మూడు రాత్రులు వరండాలో నేల మీద కూర్చున్నావు. అంతా కెజియా చెప్పింది. కానీ వదినని ఒక్కసారి కూడా సువార్తా అని పిలవలేదని కూడా చెప్పింది. నిన్ను తప్పుపట్టడం లేదు. నీ నోరు కట్టేసింది నేను.

వదిన పెట్టెని సమాధిలోకి దించడం కెజియా పట్టుకున్న ఫోనులో చూశాను, డ్యూటీ మధ్యలో, దుప్పట్లు ఉతికే గదిలో నిలబడి. సిగ్నలు పోయింది. మళ్ళీ వచ్చేసరికి మట్టి వేసేశారు.

ఇంకొకటుంది, ఇది రాయడానికే వారం పట్టింది. ఇక్కడ చచ్చిపోయినవాళ్ళ సామాన్లు చవగ్గా అమ్మే కొట్లు వీధికొకటి ఉంటాయి. వచ్చిన మొదటి వారం నుంచీ సెలవు రోజుల్లో వాటి వెంటే తిరిగాను, నీకు మళ్ళీ కూడబెట్టాలని. తాతయ్యది దొరికిన రోజే నిజం చెప్పేస్తానని మొక్కుకున్నాను. నీ చేతిలో ఉన్న ఈ రికార్డు అదే. నీలం అట్ట, చెక్క వంతెన. ఇది నాకు నిన్నా మొన్నా దొరకలేదు. నేను వచ్చిన మూడో నెల్లోనే, ఒక చర్చి హాల్లో పాత బూట్ల మధ్య దొరికింది. అప్పటికి వదిన బతికే ఉంది. మంచం కింద పెట్టి, ఇంకా దొరకలేదని నాకు నేనే చెప్పుకున్నాను. నువ్వు నాతో మాట్లాడటం మానేస్తావని భయం. ఇక్కడ నాకు ఉన్నది నీ ఫోనొక్కటే. ఆ ఒక్కటి కాపాడుకోడానికి వదినని అలాగే వదిలేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని నన్నెవరైనా అంటే, అది కూడా నాకు ఎక్కువే. ఆకులు నా చేతిలో ఉండగానే కాలనిచ్చాను.

పోయిన ఆదివారం ఫోనులో నువ్వు చెప్పిన మాట విన్నాక ఇంక ఉండలేకపోయాను. వచ్చే నెల వదిన జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారు నిన్ను రెండు మాటలు సాక్ష్యం చెప్పమంటే, "ఏం చెప్పను, నా ముప్పై ఏళ్ళు ఎండలో పెట్టిందని చెప్పనా" అని ఆయనతో అన్నావట కదా. నాతో అది నవ్వుతూనే చెప్పావు. పార్సిలు రెండు వారాల్లో చేరుతుందన్నారు. కూడిక లోపే చేరాలని ప్రార్థన చేస్తున్నాను. నన్నేమైనా అను, ఎన్నేళ్ళయినా మాట్లాడకు. కూడికలో మాత్రం నిలబడి వదిన పేరు పెట్టి మాట్లాడు. కెజియాకి ఈ ఉత్తరం చదవడానికివ్వు. వాళ్ళమ్మే పాడుచేసిందని అదీ నమ్ముతోంది.

నాకేమీ పంపొద్దు. పోయిన నెల ఊరగాయ పంపనా అన్నావు, వద్దు. కుదిరితే వదిన సమాధి ఫోటో ఒకటి తీసి పంపు, రాయి నాటాక.

వదిన నాతో ఒక సంగతి నవ్వుతూ చెప్పి, నీతో అనొద్దంది. ఆ ఒట్టు కూడా ఇవాళ తీసేస్తున్నాను. నువ్వు ఆ రికార్డులన్నీ గోనెసంచుల్లో కట్టి పారేయించావు కదా, అరవై రెండే వెళ్ళాయి. తాతయ్యది వదిన తీసి దాచింది. వెనక గదిలో అటక కింద, ఎవరూ వాడని తిరగలి ఉంది చూడు. రెండు చెక్కల మధ్య రికార్డు పెట్టి, వంకర పోయి చదునవ్వాలని దాని మీద ఆ తిరగలి ఎక్కించింది. నువ్వు బడికి వెళ్ళాక రోజూ తీసి చూసుకునేదట. ఆసుపత్రికి వెళ్ళే ముందు వారం కూడా ఫోనులో, "చాలావరకు దిగిందే మణీ, ఒక్క అంచే ఇంకా లేస్తోంది" అంది.

దేవమ్మ పెద్దమ్మకీ, పాస్టరుగారికీ, సంఘంలో పెద్దలందరికీ నా వందనాలు చెప్పు. కెజియాకి ముద్దులు. దేవుడు మీ ఇద్దరికీ తోడుగా ఉండాలి. నాకోసం ప్రార్థన చెయ్యమని అడిగే మొహం లేదు, చెయ్యగలిగితే చెయ్యి.

నీ చెల్లెలు,
మణి

తిరగలి నువ్వొక్కడివే ఎత్తకు, నీ నడుముకి మంచిది కాదు. కెజియాని కూడా ఒక చెయ్యి వెయ్యమను.