దీపావళికి రెండు గోగు కాడలు

అక్టోబరు 7, మంగళవారం
మనవరాలు తిరి నిన్న ఫోనులో వాళ్ళ నాన్నతో అన్న మాట తప్పు. అమ్మమ్మకు దెయ్యాలంటే భయం లేదు. ముప్పై రెండేళ్ళు బడిపిల్లలను కాసినదాన్ని, దెయ్యాలు నన్నేం చేస్తాయి? నాకు పడనివి దెయ్యాల పుస్తకాల్లోని తప్పులు. అద్దె షాపు నుంచి తెచ్చిన బొమ్మల పుస్తకంలో తొమ్మిదో పేజీ దెయ్యానికి కాళ్ళే లేవు. పన్నెండో పేజీలో అదే దెయ్యం చెప్పులు వెతుక్కుంటోంది. అది చూపించి పుస్తకం మూశాను. దానికి భయమని పేరు పెట్టి ప్రచారం చేసింది మనవరాలు.

ఇక్కడి బర్మావాళ్ళ దీపాల పండగ, తదింజుట్ పున్నమి, నిన్నటితో అయింది. వీధిలో వాళ్ళ దీపాలు ఆరాయి. మన దీపావళి అమావాస్యకు ఇంకా పదమూడు రోజులు. ఈ రెంటి మధ్య చీకటంతా దెయ్యాలదేనని, దీనికి దెయ్యాల పక్షమని, తిరి వాళ్ళమ్మ, నా కూతురు రమణి, పేరు పెట్టింది. వాన వెనకబట్టే ఈ రోజుల్లో ఏటా తల్లీకూతుళ్ళు పుస్తకాలు, సినిమాలు, గోడ మీద నీడబొమ్మలు... పోయినేడు లేవు. రమణి పోయి అప్పటికి నెలన్నర. ఇంట్లో ఏడాది సూతకం. దీపం లేదు, దెయ్యమూ లేదు.

అక్టోబరు 8
తిరి తన ఇష్టాల పట్టీ రాసి గోడకు అంటించింది. పొడుగు కాళ్ళ దెయ్యం కామిక్సు. గుమ్మడికాయలకు పళ్ళొచ్చే కార్టూను. కరెంటు పోతే నీడబొమ్మలు. నాలుగోది — అమ్మ కత. మొదటి మూడింటి పక్కన పెట్టెలు గీసింది, టిక్కు పెట్టడానికి. నాలుగోదానికి గీయలేదు.

అక్టోబరు 9
సాయంత్రం కరెంటు పోయింది. కొవ్వొత్తి ముందు నా చేతులతో మేక.
"అమ్మ దెయ్యం చేసీది. నీకు మేకే వొచ్చు."
మా కాలంలో మేకలే దెయ్యాలు అన్నాను. నవ్వలేదు.

అక్టోబరు 10
గుమ్మడికాయల కార్టూను చూశాం. అందులో పిల్లలు కాయలకు కళ్ళూ పళ్ళూ చెక్కి దెయ్యాలను పిలుస్తారు. మన గుమ్మం మీద కూడా ఉంది గదా అంది తిరి. పంతులమ్మ బుద్ధి ఊరుకోదు — మనం కట్టింది బూడిద గుమ్మడికాయ, దిష్టికి కట్టింది, పిలవడానికి కాదు, గాలీ ధూళీ లోపలికి రాకుండా ఆపడానికి అని వివరించాను.
"ఎవులూ రాలేరా?"
ఎవరూ.
"తెలిసినోలు కూడానా?"
అక్కడ తల ఎత్తి దాని ముఖం చూడాల్సింది. ఎత్తలేదు. ఎవరైనా సరే అన్నాను.

అక్టోబరు 11
గుమ్మం మీద కాయ లేదు. కత్తెరతో కోసిన తాడు వేలాడుతోంది. కింద స్టూలు. కాయ స్నానాలగదిలో, బకెట్లో, తువ్వాలు కప్పుకుని.
తిట్టబోయాను.
"అమ్మ బయటే నిలబడుంటాది అమ్మమ్మా. ఏడాది నుంచి."
స్టూలు తీసి లోపల పెట్టాను. కాయను బకెట్లోనే ఉంచాను.

అక్టోబరు 12, ఆదివారం
అల్లుడు వచ్చాడు. లైంగ్‌థార్యార్ కుట్టు ఫ్యాక్టరీ సూరిబాబును వారానికి ఒక్కరోజు మాకు వదులుతుంది. సంవత్సరీకం పెట్టేశాం, సూతకం తీరింది, ఈసారి దివిటీలు కొట్టాల అత్తా అన్నాడు. గోగు కాడకు నూలు బట్ట ముడివేసి, నూనెలో ముంచి, సందెవేళ గుమ్మం ముందు పిల్లలు ఎత్తాలి. ఇంట్లో పిల్ల ఒక్కతే. బట్టకు రమణి నీలం చీర ఉంది గదా, ఆమెది ఆమెకే, అన్నాడు. చీర సంగతి నాకు వదిలెయ్ అన్నాను.

తిరి కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది. వెనకే వెళ్ళాను. అప్పుడు చెప్పింది నాలుగో కథ, వాళ్ళమ్మ చెప్పినదే. మహాలయానికి పోయినవాళ్ళు వస్తారు, కనబడకుండా ఇంటి చుట్టే తిరుగుతారు, దీపావళికి పిల్లలు దివిటీ ఎత్తితే దారి చూసుకుని వెళ్ళిపోతారు.
"పోయినేడు ఎవులూ ఎత్తలేదు. అందికే అమ్మ ఎల్లలేదు. ఈసారీ నాను ఎత్తను."
రమణికి ఆ కథ చెప్పింది నేను. తప్పు ఎవరిదో వేరే వెతకనక్కర్లేదు.

అక్టోబరు 14
కూరలమ్మే డా మ్యా, నది అవతలి దలా నుంచి పడవలో వచ్చే మనిషి, గుమ్మం మీది ఉత్త తాడు చూసి ఆరా తీసింది. చెప్పాను. మాలో అయితే ప్రాణం సీతాకోకై ఇంట్లో ఏడు రోజులుంటుంది, ఏడో రోజు పొంగీ సన్యాసులకు భోజనం పెట్టి పంపేస్తాం, మీరేమిటి ఏడాది పట్టుకుంటారు అంది. మేము నిదానస్తులం అన్నాను. ఒక కొత్త బూడిద గుమ్మడికాయ గుమ్మంలో పెట్టి వెళ్ళింది.

అక్టోబరు 15
తిరి సగం అన్నం తిని సగం తలుపు దగ్గర పెడుతోంది. చీమలు బలిశాయి. పిల్ల చిక్కింది.

అక్టోబరు 16
బడికి వెళ్ళనంది. తను లేనప్పుడు అమ్మ వస్తే?

అక్టోబరు 17
నిజం ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాస్తాను. పోయినేడు సూతకమని దివిటీలు వద్దన్నది నేను. శాస్త్రం అన్నాను. ఎన్నడు పాటించాను శాస్త్రం? రమణికి దారి చూపించడం ఇష్టం లేక. ఇప్పుడూ అంతే. డా మ్యా ఇచ్చిన కాయ కట్టలేదు. కూర వండేశాను. పది దాటాక తలుపు గడియ పెట్టాల్సింది నేనే, ఆరు రోజులుగా పెట్టడం లేదు. పిల్లను ఏమని దండించను...

అక్టోబరు 18
కూర్చోబెట్టి అడిగాను. అమ్మ వచ్చిందా?
లేదని తల ఊపింది. కాయ తీసినా రాలేదు. దారి అగుపించక రాలేదేమో అంది.
దారి కనబడకపోతే వెళ్ళనూ లేదు గదా, మధ్యలో ఎక్కడో చీకట్లో నిలబడిపోతే — అన్నాను. తొమ్మిదేళ్ళ పిల్లతో ఇది న్యాయమైన వాదన కాదు. తెలుసు.
గోడ మీది తన పట్టీ వైపు చూసింది.
"దివిటీ ఎత్తితే అమ్మకి నాను అగుపిస్తానా?"
"దీపం పట్టుకున్నోల ముకమే ముందు అగుపిస్తాదమ్మా." నా నోట మా అమ్మ మాట వచ్చింది, ఇన్నేళ్ళ తరువాత.
"అదయ్యాక ఎనక్కి సూడకూడదు. కాళ్ళు కడుక్కోని మిఠాయి తినాల."
అవును.
"అమ్మ సూస్తాదా, ఎనక్కి?"
ముప్పై రెండేళ్ళ సర్వీసు. దాని జడ విప్పి మళ్ళీ అల్లాను.
ఎత్తుతానని అనలేదు. ఎత్తననీ అనలేదు. పక్కన నువ్వొకటి పట్టుకుంటావా అని మాత్రం అడిగింది. అది పిల్లల పని, ముసలమ్మలు ఎత్తరు అనబోయి... సరే అన్నాను.

అక్టోబరు 19, ఆదివారం
తలుపు దగ్గర ఈ పూటా అన్నం ఉంది. కాస్త తక్కువ.

సూరిబాబుకు చెప్పాల్సింది: రేపు పండగ సెలవని పడుకోకుండా, డా మ్యా మొదటి పడవ దిగేసరికి రేవులో ఉండాలి. ఆమె తెచ్చే గోగు కాడలు రెండు, ఒకటి కాదు. తిరి భుజమంత ఎత్తు, విరగనివి. బట్ట కొనక్కర్లేదు. నీలం చీర బయటికి తీశాను, ఇంకా చింపలేదు. కాడలకు ఆకు దూయకుండా అలాగే తెమ్మనాలి. తిరి వద్దంటే పులుసుకైనా వస్తుంది.