అధ్యక్షురాలి దస్తూరి

గురువారం, ఉదయం

చిరంజీవి మనుమరాలికి,

విద్యయందూ వివేకమందూ నీవు దినదినాభివృద్ధి చెందాలని కోరుతూ తాతయ్య పంపుతున్న ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. వానకు పుస్తకాల గది గోడ చెమ్మ పట్టింది. వ్యాకరణాలను పై అరకు, కావ్యాలను మంచం కిందికి మార్చాం. కింది వాటాలో ఉండే గడియారాల మరమ్మతుదారు, ఇన్ని పుస్తకాల బరువుకు తన నెత్తిన కప్పు కూలుతుందని నెలకొకసారి వచ్చి నిలదీస్తున్నాడు. కంటి వైద్యుడు నన్ను చదవడం తగ్గించమన్నాడు. మాట్లాడటం తగ్గించమన్నాడేమో, మీరు సరిగ్గా విన్నారో లేదో అని మీ అమ్మమ్మ సందేహం.

నీ ఉత్తరం చేరింది. విషయాన్ని నేను గ్రహించిన మేరకు మొదట చెబుతాను, పొరపాటుంటే సరిదిద్దు. కళాశాల విద్యార్థి సంఘానికి నిన్ను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. తొలి సమావేశంలో, సంఘానికి సలహాదారైన అధ్యాపకుడు మినిట్స్ పుస్తకం నీ ముందుకు జరిపి, అమ్మాయ్, నీ దస్తూరి బాగుంటుంది, కార్యదర్శివి కోడిగీతలు, నువ్వు రాస్తూ ఉండు, మీటింగు సంగతి వాడు చూసుకుంటాడులే అన్నాడు. వాడంటే ఉపాధ్యక్షుడు. అతడు నీ కుర్చీలో కూర్చున్నాడు. పని తప్పిన కార్యదర్శి ఊరుకోక, అధ్యక్షురాలుగారూ, కాస్త పెద్దక్షరాలు రాయండి, కుర్చీలో ఉన్న మావాడికి కళ్ళు ఆనవు అన్నాడట. అందరూ నవ్వారు. నవ్వకపోతే ఉడుక్కున్నావంటారని నీవూ నవ్వావు. ఉపాధ్యక్షుడు సభకు అధ్యక్షత వహించారని నీ చేతితోనే వ్రాశావు. సోమవారం నాటి సమావేశంలో ఆ పుట కింద నీవు సంతకం చేయాలి. చేస్తే ఏడాది పొడవునా ఇదే పద్ధతి స్థిరపడుతుంది. సంతకం చేయనా, రాజీనామా ఇవ్వనా అని నీ ప్రశ్న.

సంతకం చేయమనే నా అభిప్రాయం.

నీకు జరిగినది అవమానమా, అలవాటా అన్నది విచారించదగినది. అలవాటేనని నా నిర్ణయం. అలవాటులో ద్వేషం ఉండదు; దానితో తగవు పెట్టుకుంటే మనకే ఆయాసం. పైగా నీ దస్తూరి నా ఉత్తరాలు చూసి కుదిరిందని మీ అమ్మ పదిమందికీ చెప్పుకుంటుంది. కాదనను. చక్కని వ్రాతను బట్టి వచ్చిన పని గనుక దీనిని గౌరవంగానే స్వీకరించవచ్చు. తాళపత్రాల కాలంలో కవి చెప్పేవాడు, లేఖకుడు గంటం పట్టేవాడు. గ్రంథమంతటా లేఖకుడి పేరు కనబడదు. ఆఖరి ఆకు మీద మాత్రం అతనికి నాలుగు పంక్తుల చోటుండేది. అక్కడ అతడు తన తప్పులు మన్నించమని పాఠకులను వేడుకునేవాడు. ఆ వినయం మీదనే వాఙ్మయం నిలిచింది.

నా విద్యార్థి దశలోనూ సరిగ్గా ఇదే జరిగింది. మా కళాశాలలో మొట్టమొదటిసారి ఒక అమ్మాయి పదకొండు ఓట్ల ఆధిక్యంతో అధ్యక్షురాలైంది. ఉపాధ్యక్షుణ్ణి నేను. ఆమె వ్రాత బాగుంటుందని పుస్తకం ఆమెకిచ్చి, సభలు నన్ను నడపమన్నారు. ఆమె మారుమాటాడలేదు. ఆ ఏడాదే రసాయన ప్రయోగశాల తాళంచెవి వ్యవహారం వచ్చింది. అబ్బాయిలు సంతకం పెట్టి తాళంచెవి తీసుకోవచ్చు. అమ్మాయిలకు కావలసివస్తే మాత్రం ఎవరో ఒక అబ్బాయి వచ్చి వారి తరఫున సంతకం పెట్టాలి. ఆ నియమాన్ని రద్దు చేయాలని ప్రతిపాదించి నెగ్గించాను. ఆత్మస్తుతి దోషం గనుక విస్తరించను. పుస్తకంలో ఆ తీర్మానం నా పేరు మీదనే ఉంది. చూశావా, కుర్చీలో ఎవరు కూర్చున్నా జరగవలసిన పని జరిగింది. ఆ అమ్మాయి నొచ్చుకున్న జాడ నాకెన్నడూ కనబడలేదు.

కనుక సంతకం చెయ్యి. ఏడాది ఎంతలో గడుస్తుంది. వేళకు భోంచెయ్యి. వానలో తడవకు.

నీ శ్రేయస్సు కోరే
తాతయ్య

తా.క. ఆఖరి ఆకు మీద లేఖకులకు చోటుంటుందని తాతయ్యే చెప్పారు గనుక ఇది నా చోటు. తప్పులు మన్నించమని వేడుకోను, సరిదిద్దుతాను.

నీకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఈ ఇంటి నుంచి వచ్చిన ప్రతి ఉత్తరమూ ఆయన చెబుతుంటే నేను రాసిందే. కింద సంతకం ఒక్కటే ఆయనది. కోడిగీతలతో కూడా మనిషి పెద్దవాడు కావచ్చునని మీ కార్యదర్శికి చెప్పు, మీ తాతయ్య అయ్యారు. మందుల షాపుకు ఆయన రాసిచ్చిన చీటీ పట్టుకుని షాపువాడు మా ఇంటికే వచ్చి, ఇదేమిటమ్మా అని నన్నడిగాడు. అంచేత నీ దస్తూరి నా నుంచి వచ్చింది. దాని వెంట ఈ తంటా కూడా వచ్చింది.

పదకొండు ఓట్ల అమ్మాయిని నేనే. తాళంచెవి సంగతి ఎత్తింది నేను. ముప్పావు గంట వాదించింది నేను. ఆ ముప్పావు గంటా తాతయ్య కిటికీలోంచి వాలీబాల్ ఆట చూస్తున్నారు. తీర్మానం రాయబోతూ, ఎవరు ప్రతిపాదించినట్టు రాయను అని అడిగాను. రాసేవాళ్ళు తమ పేరు రాసుకోకూడదట కదా, నాదే రాసెయ్యి అన్నారు. రాసేశాను. నొచ్చుకున్న జాడ కనబడలేదంటే ఎలా కనబడుతుంది? పుస్తకం నా చేతిలోనే ఉండేది. నొచ్చుకున్నానని నేనెక్కడా రాసుకోలేదు.

నువ్వు రాజీనామా ఇవ్వొద్దు. సోమవారం అందరికంటే ముందు వెళ్ళి నీ కుర్చీలో కూర్చో. పుస్తకం కార్యదర్శి ముందు పెట్టు. నా రాత బాగుండదంటాడు. నెమ్మదిగా రాయి బాబూ, మేం ఆగుతాం అను. కిందటి మీటింగు పేజీలో, అధ్యక్షురాలు ఆ గదిలోనే ఉన్నారు అని ఒక్క వాక్యం అతని చేత చేర్పించు. ఆ తర్వాత సంతకం చెయ్యి.

ఇదంతా ఆయనకు చదివి వినిపించాను. చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. నేను చెప్పని మాటలు నా సంతకం కింద ఎలా రాస్తావు అన్నారు. నిజమే. అందుకే నా సంతకం నేను పెడుతున్నాను.

చెప్పినదీ, రాసినదీ
అమ్మమ్మ