కోట లోపలి బాంబు గది

నవంబరు 4
అవ్వ మళ్ళీ అదే పాట. "మే, నేను పుట్టిన గది సూడాల. ఎప్పుడు తీసకపోతావు?"
ఎనభై దాటిన మనిషి. మోకాళ్ళు వంగవు. వింటే కదా! రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కొండ మీది పాలెగాళ్ళ కోటలో తెల్లదొరలు బాంబు గదులు కట్టించారట, బాంబులు పడితే దాక్కోవడానికి. అవ్వ వాళ్ళ నాయన ఆ పనికి రాళ్ళు కొట్టాడు. కాపురం అక్కడే, కాన్పూ అక్కడే.

నవంబరు 5
పొయ్యి మీద అన్నం మాడింది. నా ధ్యాసంతా కొండ మీదే.

నవంబరు 8
మా ఆయన్ని బతిమాలి బయల్దేరదీశాను. "ఆడ పాములు తప్ప ఏముండాయే?" అంటూనే టార్చి తీసుకున్నాడు రమణ.
పాత రాతిగోడ. దాని పొట్టలోకి చొచ్చుకుపోయిన సిమెంటు గదులు. ఇనుప తలుపు సగం మట్టిలో కూరుకుపోయింది. పాక్కుంటూ దూరాం. గబ్బిలాల కంపు... తుపాకీ పెట్టడానికి వదిలిన సన్నటి కంతలోంచి చూస్తే మామిడితోటలు, బస్సు రోడ్డు. ఇంత మారుమూలకు ఏ శత్రువు వస్తాడనుకున్నారో.
లోపలి గదిలో మసిబారిన పొయ్యిరాళ్ళు. కప్పుకు ఉయ్యాల కట్టే ఇనుప కడియాలు — రెండు జతలు, పక్కపక్కనే.
మూలన చిన్న రాళ్ళకుప్ప. మూరెడు పొడవు. తలవైపు ఒక రాయి నిలబెట్టి ఉంది.
రమణ టార్చి దించేశాడు. "పద, పోదాం."

నవంబరు 9
అవ్వ ఒక్కతే సంతానమని కదా అందరూ చెప్పింది? ఆ కుప్ప వేరే కూలివాళ్ళ బిడ్డది కావచ్చు. అక్కడ ఎన్ని కుటుంబాలు ఉన్నాయో ఎవరికి తెలుసు... అయినా కుదురు లేదు. ఇంట్లోకి, బయటికి.
అవ్వ అడిగింది, "గది ఉండాదా?" ఉందన్నాను. అంతే.

నవంబరు 11
అవ్వకు తల దువ్వుతున్నాను. తనంతట తనే మొదలుపెట్టింది.
"మాయమ్మ నాకు బువ్వ పెడితే రెండు ముద్దలు చేసేది. ఒగటి నా నోట్లో. ఇంగోటి గోడ మీద, కాకికి. నేను ఏడిస్తే కూడా ఆ ముద్ద నాకిచ్చేది కాదు."
నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. "ఏమయిందే?" అంది. చిక్కు పడిందన్నాను.

నవంబరు 12
రమణ: "ఆ కుప్ప సంగతి సెప్పెయ్. ఆడికి పోయినాక తెలిస్తే తట్టుకోలేదు."
నేను: "కోట ఎక్కనీకుండా ఆపొచ్చు కదా?"
"నువ్వు ఆపుతావా?"


నవంబరు 14
కుర్చీకి వెదురు బొంగులు కట్టారు. మోయడానికి, ఇనుప తలుపు దగ్గర మట్టి తవ్వడానికి మా చిన్నాయన కొడుకులు వచ్చారు. అవ్వ పొద్దున్నే తలస్నానం చేసి, పట్టంచు చీర కట్టి, వాకిట్లో కూర్చుంది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. చెప్పేద్దామని నోరు తెరిచాను.
"మే," అంది, నా మొహంలోకి చూడకుండా. "ఒగ ముద్ద బువ్వ కలిపి తీసుకో. పెరుగన్నం. ఉప్పు ఎయ్యొద్దు, పసిబిడ్డకు."
నేను లోపలికి వచ్చేశాను. గిన్నె చేతిలో ఉంది. బయట పిలుస్తున్నారు...