ఎనిమిది లెక్కపెట్టేదాకా

టొపీకా,
ఏప్రిల్ 9

ప్రియమైన ఒడెస్సాకు,

క్లెమెంట్ రాయునది. ఇక్కడ అందరం క్షేమం, నా మోకాలు తప్ప. ఫోనులో నీ మాట సగం వినబడదు, వినబడిన సగానికి తగువు పడతాం. అందుకని ఉత్తరమే మేలు.

మొన్న చర్చి హాల్లో మన కచేరీలో ఒక ఘోరం చూశాను. యాభై ఒక్క ఏళ్ళుగా మన క్విండారో ఫోర్ జట్టుకి ఒకటే పద్ధతి కదా: నలుగురం ఒకే మైకు చుట్టూ నిలబడడం, ఆఖరి స్వరం దగ్గర కళ్ళు మూసుకుని ఎనిమిది లెక్కపెట్టేదాకా వదలకపోవడం. ఆ రోజు మోకాలు పట్టేసి నేను కళ్ళు తెరిచాను. హార్లన్ నోరు గరాజు తలుపులా బార్లా తెరిచి ఉంది, గొంతు మాత్రం కదలడం లేదు! జాజ్ పాడేవాడు చేసే పనేనా ఇది?

జూన్‌టీన్త్ బానిస విముక్తి పండగ సభకి రెండు నెలలే ఉంది. పార్కు నిండా జనం వస్తారు. ఏం చేద్దామంటావు?

నీ
క్లెమెంట్ బాయ్‌కిన్

తా.క. నా కింది గొంతు గురించి బెంగపెట్టుకోకు. ఇనుప కమ్మీలా ఉంది.


కాన్సస్ సిటీ,
ఏప్రిల్ 20

క్లెమెంట్‌కు ఒడెస్సా దీవెనలు. (నీకన్నా నాలుగు నెలలు పెద్దదాన్ని, ఇవ్వొచ్చు.)

ఆదివారం ఆసుపత్రి కచేరీలో నేనూ కళ్ళు తెరిచాను. హార్లన్ ఒక్కడే కాదు, మన లవీనియా కూడా పెదవులే ఆడిస్తోంది! నిమోనియా వచ్చాక ఊపిరి చాలడం లేదేమో. మధ్య గొంతులు రెండూ పోయాయి. ఇక పైన నేను, కింద నువ్వు. గోడల్లేని ఇల్లన్నమాట.

వాళ్ళకేం, మనవలున్నారు, పాడినా మానినా రోజు గడుస్తుంది. మా ఆయన ఎల్వుడ్ పోయాక నాకు ఆ పైస్వరం ఒక్కటే మిగిలింది. పొద్దున్నే వంటింట్లో దాన్ని ఒకసారి పట్టి చూసుకుని గానీ కాఫీ తాగను. అది పోయిన రోజు నేను బతికి చేసేదేమీ లేదు.

ఒడెస్సా ప్రూయిట్

తా.క. మొన్న అలా పాడుతుంటే పక్కింటావిడ తలుపు కొట్టింది. నిద్ర చెడగొట్టానేమో అనుకున్నాను. కాదట. రెండ్రోజులుగా మా ఇంట్లో అలికిడి లేదని చూసిపోదామని వచ్చిందట.


టొపీకా,
మే 12

ఒడెస్సాకు,

హార్లన్‌ని బార్బర్ షాపులో పట్టుకున్నాను. "నోరు తెరుచుకు నిలబడేందుకు నువ్వెందుకురా, దిష్టిబొమ్మని పెట్టుకుంటాం" అన్నాను. మొహం నిండా సబ్బు నురగతోనే నా వైపు తిరిగాడు. "నువ్వు మానేసి మూడేళ్ళయింది, నాకు చెప్పొచ్చావా ముసలాడా! కిందా లేదు, పైనా లేదు, మధ్యలో నేనొక్కణ్ణి ఎవరికోసం పాడను?" అన్నాడు. నన్నంటే అన్నాడు, నిన్ను కూడా అన్నాడు! ఇలాంటివాడు మనకొద్దు.

కోపంతో,
క్లెమెంట్

తా.క. కొట్టుకుందామనుకున్నాం. కుర్చీల్లోంచి లేవడానికి ఇద్దరికీ బార్బరే చెయ్యి ఇవ్వాల్సి వచ్చింది.


కాన్సస్ సిటీ,
మే 25

క్లెమెంట్‌కు,

మీ షాపు గొడవ ఎంత? నిన్న లవీనియా కేకు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "ఒడెస్సా, జూన్ సభతో ఆపేద్దామే. పైస్వరం లేకుండా నేను పాడితే ఎవరికి వినసొంపు?" అంది. నా మొహం మీదే! గుమ్మంలోంచే పంపేశాను. ఏడుస్తూ వెళ్ళింది.

ఎవర్నీ తీసెయ్యొద్దు. సభలో పాడి చూపిస్తాను, అప్పుడు తెలుస్తుంది వాళ్ళకి. నువ్వు కింద గట్టిగా పట్టుకో, అంతే చాలు.

ఒడెస్సా

తా.క. కేకు మాత్రం ఉంచుకున్నాను. దాని తప్పేముంది.


టొపీకా,
జూన్ 20

ఒడెస్సాకు,

నిన్నటి సభ తలుచుకుంటే తిండి సయించడం లేదు. ముందు నా తప్పు ఒప్పుకుంటాను. హార్లన్ అన్నది నిజం. మూడేళ్ళుగా ఆ ఆఖరి స్వరం నాకు అందడం లేదు, నీ గొంతు చాటున నోరు తెరిచి నిలబడుతున్నాను. నిన్న మాత్రం ఎలాగైనా పాడాలని చెవి మిషన్లకి కొత్త బ్యాటరీలు వేసుకుని వచ్చాను. నాలుగో వరసలో ఎవరో దగ్గు బిళ్ళ కాగితం విప్పినా వినబడింది.

ఆఖరి స్వరం దగ్గర నోరు తెరిచాను. గాలి వచ్చింది. కళ్ళు తెరిస్తే హార్లన్ నన్ను చూస్తున్నాడు, లవీనియా నిన్ను చూస్తోంది. నువ్వొక్కదానివే కళ్ళు మూసుకుని ఉన్నావు. నాలుగు నోళ్ళు తెరిచి ఉన్నాయి, ఎక్కడా చప్పుడు లేదు. అలాగే ఎనిమిదీ లెక్కపెట్టాం.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు! ఓ పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ, "మా పెళ్ళినాటినుంచి వింటున్నాను, ఇంత బాగా ఎప్పుడూ లేదు" అన్నాడు. ఆయన మనసులో విన్నది తన ఇంట్లో ఉన్న మన పాత రికార్డుని. నాకు ఏడుపొచ్చింది ఒడెస్సా. ఒక్కటే ఊరట, నువ్వూ మాలాగే నటిస్తున్నావని తెలిసింది. నలుగురం దొంగలమే. ఇక మానేద్దాం.

నీ
క్లెమెంట్

తా.క. వచ్చే ఏడూ రమ్మన్నారు. మన కోసం ఇంకా మంచి మైకు కొంటారట.


కాన్సస్ సిటీ,
జూన్ 24

క్లెమెంట్,

నటించడమేమిటి? నేను పాడాను. ఎనిమిదీ పాడాను. గొంతు ఇప్పటికీ నొప్పిగా ఉంది. నా తల నిండా మోగింది. ఆ చప్పట్లు దానికేననుకున్నాను.

నీకు నిజంగా ఏమీ వినబడలేదా? ఒట్టేసి రాయి.

ఒడెస్సా

తా.క. ఇవాళ కాఫీ తాగలేదు.


టొపీకా,
జూన్ 27

ప్రియమైన ఒడెస్సాకు,

తొందరపడి తప్పు రాశాను, ఎంత తిట్టినా పడతాను. నా మిషన్లు చూసి మా అమ్మాయి ఒకటే నవ్వు. బ్యాటరీలు తలకిందులుగా వేసుకున్నానట! ఆ రోజంతా నాకు పిడుగు పడినా వినబడేది కాదు.

హార్లన్‌ని అడిగాను. చక్కగా విన్నాడట. లవీనియా కూడా విందట. శనివారం మళ్ళీ కేకు తెస్తానంది, ఈసారి లోపలికి రానియ్యి. మేం ముగ్గురం నోరు తెరుచుకు నిలబడ్డ మాట నిజం. నువ్వు మాత్రం పాడావు. వచ్చే ఏడూ పాడతావు. ఒట్టు.

లేచి కాఫీ పెట్టుకో.

ఎప్పటికీ నీ కింది గొంతు,
క్లెమెంట్

తా.క. దగ్గు బిళ్ళ కాగితం సంగతేమిటంటావా? అది కళ్ళతో చూసి రాశాను.