గేరులో పడిన ఖర్జూరపాకం

సూర్, శుక్రవారం

అమ్మకు ఖల్ఫాన్ సలాములు. నీ కోడలు జువైనా, పసిబిడ్డ బాగున్నారు, బెంగపడకు. నలభై రోజులు నిండినా వాళ్ళను పుట్టింటి నుంచి మనింటికి తీసుకురాలేదంటే తప్పు నాదే. బాలింతకని నువ్విచ్చిన ఖర్జూరపాకం సీసా దారిలోనే మూత తీశాను. ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేత్తో రొట్టె ముంచుకుని తింటూ వచ్చాను.

నిన్న సాంబ్రాణి పొగ వేసి అందరూ సాగనంపుతుంటే కారు గేరు కదలదే! ఎంత గుంజినా పార్కింగు గుర్తు మీంచి రాలేదు. "మీ వీధి పిల్లలు కారెక్కి పాడుచేశారు!" అని అరిచాను కూడా. మావగారు గేరు చుట్టూ ఉన్న తోలు తొడుగు ఎత్తి, లోపల వేలు పెట్టి, రొట్టె తునకలంటిన పాకం నాకి చూశారు. తర్వాత నా మొహం చూశారు. "పాత బండి కదా, ఎండకి బిగుసుకుంది" అని అందరితో చెప్పి, వేడినీళ్ళలో గుడ్డ ముంచి తనే తుడుస్తూ కూర్చున్నారు. గేరు కదిలేసరికి పొద్దు వాలింది. బండి బాగా చూసుకుని వచ్చే వారం వెళ్ళమన్నారు.

మేక ఈనిందా? లారీ హమ్దాన్ చేత ఇంకో సీసా పంపు. మూతకి గుడ్డ చుట్టి కుట్టెయ్యి. ఈ కార్డు అన్నయ్య కంట పడనీకు.

ఈ పొద్దున కాఫీ దగ్గర అందరికీ ఖర్జూరాలు పెట్టి, నా ముందు మాత్రం మావగారు ఒక రొట్టె కూడా పెట్టారు. తలెత్తకుండా తినేశాను.

నీ దీవెనలే దిక్కుగా,
ఖల్ఫాన్