నీ జేబులోని ఆకుపచ్చ చీటీ

ఫిబ్రవరి 9, సోమవారం

నాయినా,

బీఎంఐ లెక్కలో నేను అధిక బరువట! బాబాయికి టిఫిన్ ఇద్దామని ఖమ్మం మిర్చి మార్కెట్‌కు వెళ్తే, అక్కడి ఆరోగ్య శిబిరంలో చెప్పారు. మొన్న కాలేజీ పరుగు పందెంలో మొదట వచ్చింది నేనే. నీకు చెప్పుకుని నవ్వాలనిపించింది.

నా వెనకే బాబాయి నిలబడ్డాడు. నీలాగే సన్నటి మనిషి, నీలాగే బస్తాలు మోస్తాడు. ‘సాధారణం’ అని ఆకుపచ్చ చీటీ ఇచ్చారు. అలాంటిదే నిరుడు నీకూ ఇస్తే లామినేషన్ చేయించుకున్నావు. ఆయాసపడుతున్నావు, దవాఖానాకు పోదామని అమ్మ అన్నప్పుడల్లా జేబులోంచి తీసేవాడివి.

“పచ్చ చీటీ ఇచ్చిండ్రు. నాకేమైతదే?”

నేనూ నీ పక్షానే మాట్లాడాను. ‘సాధారణం’ ఎంత నిమ్మళమైన మాటో అనుకున్నాను. నీ గుండె ఆగిన రోజు కూడా ఆ చీటీ నీ జేబులోనే ఉంది.

ఇవాళ రెండు బస్తాలు మోయగానే బాబాయి కూలబడ్డాడు.

“ఏంది బాబాయ్, గిట్ల రొప్పుతున్నవ్?”

“నాది పచ్చ చీటీ బిడ్డా. నువ్వే జర తిండి తగ్గించు!”

శిబిరంలోని నర్సమ్మను ఆ చీటీ గురించి అడిగాను. “అది ఎత్తుకు తగ్గ బరువుందా అనే చూస్తది. గుండె సంగతి దానికేం తెలుసు?” అంది.

రేపు పొద్దున ఏడింటికి, పనిలోకి దిగకముందే, బాబాయిని ఈసీజీకి తీసుకెళ్తాను. రానని చీటీ తీస్తే, నీది తీసి చూపిస్తాను.