పటాల అంగట్లో వెలుతురు

నాయనా,

నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు దేవుడి పటాలు కట్టిన అంగడిని అమ్మ అద్దెకిచ్చింది. ఎల్లుండి వేరేవాళ్లు వస్తారు. నువ్వు పోయినప్పటి నుంచి అమ్మ అందులో అడుగుపెట్టకుండానే ఉంటూ వచ్చింది. ఖాళీ చేసేలోపు ఒక్కసారైనా వస్తే బాగుండునని ఆశపడ్డాను.

స్వామి పటానికి కోసిన గాజు ఎవరి కాళ్ల కిందా పడకూడదని నువ్వు మిగిలిన ముక్కలన్నీ గోతాల్లో దాచేవాడివి కదా. వాటిని నేనూ, కాలేజీ స్నేహితురాళ్లూ నైలాన్ దారాలతో పైకప్పు నుంచి వేలాడదీశాం.

"గాజుపెంకులకు పండగ సేస్తా ఉండారా?" అని అమ్మ ఇంట్లోంచే ఎగతాళి చేసింది.

నిన్న సాయంత్రం ఒక్క బల్బు వెలిగించి ఫ్యాను నెమ్మదిగా తిప్పాం. వెలుతురు గోడల మీద తొణికింది. అంతకన్నా మంచి మాట కోసం వెతికాను, దొరకలేదు. అంగడంతా నీళ్ల అడుగున ఉన్నట్టుంది.

మొక్కు తీర్చుకుని కొండ దిగి వచ్చిన ఒక గుండు పెద్దాయన వాకిట్లో చెప్పులు విడిచి చేతులు జోడించాడు.

"ఈడ ఏ స్వామి ఉండాడమ్మా?"

"స్వామి లేడప్పా. మా ఇంటాయన కోసిన గాజుముక్కలు" అంది వెనక నుంచి అమ్మ. ఎప్పుడొచ్చిందో!

అయినా ఆయన చేతులు దించలేదు. అమ్మ ఆయన్ను దాటుకుని లోపలికి వచ్చింది. ముక్కల కింద చాలాసేపు నిలబడింది. ఆమె నెరిసిన జుట్టు మీద వెలుతురు ఈదుతూనే ఉంది.

పొద్దున దారాలు కత్తిరించబోతే అమ్మ అడ్డొచ్చింది.

"అంత తొందరేమి పాపా? వాళ్లింకా రాలేదు గదా. ఈ సాయంత్రం గూడా ఎలిగించు. నేను పెందలకాడే వస్తా."

నీ పాప